‘ఇవాళ ఖాళీ’ అంటే కేసులు వచ్చిపడతాయా?

గరివిడి పశువైద్య కళాశాలలో చదువుతూ ఈమధ్యే ఆసుపత్రి డ్యూటీలు మొదలుపెట్టిన ఒక అమ్మాయి అడిగింది: "రాత్రి డ్యూటీలో ‘ఇవాళ కేసుల్లేవేటి’ అన్నానని సీనియర్లందరూ నా మీద పడ్డారండీ. ఆ మాటకీ కేసులకీ నిజంగా ఏమైనా సంబంధం ఉందా?"

ఈ పట్టింపు మన విజయనగరం జిల్లాకే పరిమితం కాదు. ఇంగ్లండ్, అమెరికాల్లో కూడా అత్యవసర విభాగాల్లో ‘క్వయిట్’ (ఇవాళ సందడి లేదు) అనే మాట ఎత్తకూడదు. కేసులు మూడేసి వస్తాయని, పౌర్ణమి రాత్రి నిద్ర ఉండదని అక్కడా అంటారు. మన దగ్గర వీటికి బోణీ కేసు మంచిదా కాదా అన్న లెక్క, బండి ముందు నిమ్మకాయా మిరపకాయలూ తోడు. ఒక్క విషయం మాత్రం నాకు అంతుపట్టదు. తథాస్తు దేవతలు మనం ఏమంటే అదే జరిపిస్తారు కదా! ఆ లెక్కన ఖాళీ అంటే రాత్రంతా ఖాళీగానే ఉండాలి.

సరే, అసలు సంగతికి వద్దాం. నేల మీద ముప్పై గళ్లు గీసి, అరవై అక్షింతల గింజలు పైనుంచి గుడ్డిగా చల్లండి. గడికి రెండేసి పడతాయా? పడవు. దాదాపు నాలుగు గళ్లు ఖాళీగా ఉంటాయి. ఎనిమిదింట్లో ఒక్కొక్కటి, మరో ఎనిమిదింట్లో రెండేసి, అయిదింట్లో మూడేసి గింజలు పడతాయి. మిగిలిన నాలుగైదు గళ్లలో నాలుగు, అయిదు, ఒక్కోసారి ఆరు గింజలు గుంపుగా కనిపిస్తాయి. గడి అంటే ఒక రాత్రి, గింజ అంటే ఒక కేసు అనుకోండి. రాత్రికి సగటున రెండు కేసులొచ్చే ఆసుపత్రిలో నెల అచ్చం ఇలాగే గడుస్తుంది. లెక్కల్లో e అనే స్థిరాంకం విలువ 2.718. సగటు రెండు కాబట్టి దాన్ని మైనస్ 2 ఘాతానికి హెచ్చిస్తే 0.135 వస్తుంది. ఒక్క కేసూ రాని రాత్రికి అదే సంభావ్యత. ముప్పైతో గుణిస్తే ఆ నాలుగు ఖాళీ గళ్లూ వచ్చేశాయి.

దీన్నే పాయిజాన్ విభాజనం అంటారు. ఇంటర్ రెండో ఏడాది లెక్కల్లో ఏళ్లుగా చెబుతూ వచ్చిన పాఠమే. పశువైద్యానికి వెళ్లేది బైపీసీ పిల్లలు, వాళ్లకు లెక్కలే ఉండవు. రోజూ ఈ విభాజనం మధ్యే ఉద్యోగం చేయాల్సినవాళ్లకే ఇంటర్లో దాని పేరు చెప్పకుండా పంపిస్తున్నాం. దీనికి మొదటి ప్రసిద్ధ ఉదాహరణ గుర్రాలదే కావడం ఇంకో తమాషా. ప్రష్యా సైన్యంలో పది దళాల్లో, ఇరవై ఏళ్లలో గుర్రాలు తన్నడం వల్ల 122 మంది చనిపోయారు. 1898లో బోర్ట్‌కెవిచ్ అనే గణాంకవేత్త ఆ లెక్కలు పరిశీలించాడు. ఒక దళానికి ఒక ఏడాది ఒక వరుస అనుకుంటే, మొత్తం 200 వరుసల్లో 109 వరుసల్లో ఒక్క మరణమూ లేదు. సూత్రం చెప్పింది 108.7. ఒక దళంలో ఒకే ఏడాది నలుగురు పోయారు. ఆ దళం వాళ్లు ఏ శాపం అనుకున్నారో ఏమో, సూత్రానికి మాత్రం అదేమీ వింత కాదు.

ఇప్పుడు గడి లోపలికి చూద్దాం. పన్నెండు గంటల రాత్రిలో రెండు కేసులంటే సగటున ఆరు గంటలకొకటి. ఒక కేసు వచ్చాక తర్వాతది అయిదో గంటకూ ఆరో గంటకూ మధ్య వచ్చే అవకాశం 7 శాతంలోపే. మొదటి గంటలోనే వచ్చే అవకాశం 15 శాతం! ఒకటొస్తే వెనకే ఇంకోటి రావడం గుడ్డి యాదృచ్ఛికత స్వభావం. గడిచిన నిశ్శబ్దం దానికి గుర్తుండదు కూడా. మూడు గంటలు ఖాళీగా ఉన్నా, అప్పుడే కేసు పూర్తయినా, రాబోయే గంటలో కేసు వచ్చే అవకాశం ఆ 15 శాతమే.

గేదె ఈతకు అడ్డం తిరిగి, మోచేతి దాకా చెయ్యి లోపల ఉన్నప్పుడు ఎవరూ ‘ఇవాళ ఖాళీ’ అనరు. ఖాళీగా ఉన్నప్పుడే అంటారు. రాత్రికి ఒకసారి చొప్పున నెలంతా అంటే, నాలుగైదుసార్లు గంట తిరక్కుండానే ఫోన్ మోగుతుంది. మిగతా పాతిక రాత్రులు ఎవరికీ గుర్తుండవు.

దీన్ని పరీక్షించినవాళ్లూ ఉన్నారు. బ్రిటన్‌లో ఒక ఆసుపత్రి మైక్రోబయాలజీ విభాగంలో 61 రోజులు చూశారు. చీటీ తీసినట్టు ఎంచుకున్న 29 రోజులు ‘ఇవాళ పని తక్కువే’ అని పైకి అన్నారు, 32 రోజులు అనలేదు. అన్న రోజుల్లో సగటున 144.9 కేసులు, అనని రోజుల్లో 139. ఆ తేడా రోజూ ఉండే హెచ్చుతగ్గుల్లో కలిసిపోయేదే. ఆ అధ్యయనాన్ని 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ వేసింది.

పౌర్ణమి సంగతి అంత తేలిగ్గా కొట్టేయలేం. అమెరికాలోని కొలరాడోలో 1992-2002 మధ్య పశువైద్య అత్యవసర విభాగానికి వచ్చిన 11,940 కుక్కలు, పిల్లుల రికార్డులు చూస్తే పౌర్ణమికి అటూ ఇటూ రోజుల్లో పిల్లుల కేసులు 23 శాతం, కుక్కలవి 28 శాతం ఎక్కువ. 2000లో అదే జర్నల్ ఒకే సంచికలో వచ్చిన రెండు అధ్యయనాల్లో ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ వాళ్లు పౌర్ణమికి జంతువుల కాట్లు పెరుగుతాయన్నారు, కుక్కకాట్లు చూసిన ఆస్ట్రేలియా వాళ్లు అలాంటిదేమీ లేదన్నారు. వెన్నెల్లో మనుషులూ కుక్కలూ ఎక్కువసేపు బయట తిరుగుతారేమో అని నా ఊహ.

మూడేసి వస్తాయన్న మాటే నన్ను భయపెడుతుంది. మన లెక్కలో ఒకే గంటలో మూడు కేసులు పడటం దాదాపు నాలుగు నెలలకోసారి ఊరికే జరుగుతుంది. చీపురుపల్లి నుంచి పాలజ్వరం, రాజాం నుంచి కడుపుబ్బరం, ఇంకెక్కడినుంచో విరిగిన కాలు వస్తే అది అక్షింతల గుంపే. మూడు గేదెలూ ఒకే ఊరివై, మూడింటికీ ఆయాసం, వణుకు ఉండి, రక్తం మరీ ఎర్రగా కనిపిస్తే అది యాదృచ్ఛికం కాదు. బెట్టకు వాడిన లేత జొన్న, లేదా కోత తర్వాత వచ్చిన పిలకలు మేసి ఉంటాయి. వాటిలోని ధురిన్ అనే పదార్థం కడుపులో విడిపోయి హైడ్రోజన్ సయనైడ్ అనే విషం పుడుతుంది. అది కణాలు ఆక్సిజన్ వాడుకోవడానికి కావాల్సిన సైటోక్రోమ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్‌ను పట్టేస్తుంది. దాంతో రక్తంలో ఆక్సిజన్ ఉన్నా కణజాలం వాడుకోలేదు, ఆ ఎరుపు అందుకే. తొలకరి తర్వాత లేత గడ్డి మేసిన గొర్రెల్లో, పేగుల్లో విషం పుట్టి వచ్చే చిటుక రోగమూ ఇలాగే మందలో వరసపెట్టి వస్తుంది.

అలాంటప్పుడు ‘మూడో కేసు అయిపోయింది, ఇక రావులే’ అని కుర్చీలో వాలితే కొంప మునుగుతుంది. ఒకరు విరుగుడుగా సోడియం నైట్రైట్, ఆ వెంటనే సోడియం థయోసల్ఫేట్ నరంలోకి ఎక్కిస్తుండగా, ఇంకొకరు ఆ ఊరికి ఫోన్ చేసి మిగతా పశువులను జొన్నచేలోంచి బయటికి తోలమని చెప్పాలి.