పెళ్ళయితే పీహెచ్‌డీ పోతుందా? అపోహలు - వాస్తవాలు

గుంటూరులో పరిశోధక విద్యార్థులకు గైడ్‌గా ఉన్న ఇన్నేళ్ళలో నేను తరచుగా విన్న మాట, "మేడమ్, సంబంధం కుదిరింది, ఇక మానేస్తాను" అన్నదే.

అపోహ: పెళ్ళయి ఊరు మారినా, కాన్పు వచ్చినా పీహెచ్‌డీ రద్దవుతుంది.

వాస్తవం: కాదు. 2022 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనల ప్రకారం గరిష్ఠ గడువు 6 సంవత్సరాలు. రీ-రిజిస్ట్రేషన్‌తో మరో 2, మహిళలకు సడలింపుగా ఇంకో 2 కలిపి మొత్తం 10 సంవత్సరాల వరకు పొడిగించే వీలుంది. ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు కోర్సు మొత్తంలో 240 రోజుల వరకు ఇవ్వవచ్చు. పెళ్ళి వల్ల ఊరు మారవలసి వచ్చిన మహిళా స్కాలరు, తన పని గైడ్‌కు గానీ సంస్థకు గానీ మంజూరైన ప్రాజెక్టులోది కానంతవరకు, పరిశోధన డేటాను కొత్త సంస్థకు బదిలీ చేయించుకోవచ్చు. ఇవేవీ వాటంతట అవి రావు. గడువు ముగియకముందే అర్జీ పెట్టి, అది అందినట్టు ఆఫీసులో ఇన్వార్డు నంబరు వేయించుకోవాలి.

తెనాలి వైపు అమ్మాయి ఒకతె, నాలుగేళ్ళ పని చేతిలో ఉండగా, మానేస్తున్నట్టు రాసిన ఉత్తరాన్ని ల్యాబ్ రికార్డులో మడిచిపెట్టుకుని వచ్చింది. ఎవరో సీనియరు చెప్పారట! చెప్పినవారికి పోయేదేమీ లేదు, పోయేదల్లా ఈ పిల్ల నాలుగేళ్ళు. వరండాలో శుభలేఖల సంచితో కూర్చున్న ఆమె తండ్రిని పిలిచి నిబంధన చదివి వినిపించాను. "అయితే బెంగళూరులో కూడా చదువుకోవచ్చా అమ్మా?" అని అడిగి, ఒక శుభలేఖ కవరు వెనకే ఆ వివరం రాయించుకున్నారు.

అపోహ: ఐఐటీల్లో ఆడపిల్లల సీట్లు మగపిల్లల సీట్లలోంచి తీసినవి.

వాస్తవం: 2018లో మొదలైన ఆ సూపర్‌న్యూమరరీ సీట్లు అదనంగా సృష్టించినవి. వాటికీ ప్రవేశ పరీక్ష జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో అర్హత సాధించాలి.

అపోహ: ప్రయోగశాల ఆడవారికి సరిపడదు.

వాస్తవం: 1933లో బెంగళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చేర్చుకోవడానికి సి.వి. రామన్ మొదట కాదన్న జీవరసాయన శాస్త్రవేత్త కమలా సొహోనీ 1939లో కేంబ్రిడ్జి పీహెచ్‌డీ అందుకున్నారు. దీనిపై ఇంకా వాదించే ఓపిక నాకు లేదు.

అపోహ: పిల్లలు పుట్టి ముప్పై దాటాక దారి మూసుకుపోతుంది.

వాస్తవం: యూజీసీ నెట్ అర్హత పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) వయోపరిమితి మహిళలకు 5 సంవత్సరాలు సడలుతుంది, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు వయోపరిమితే లేదు. బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ఫోనులో ఇదే అడిగే తల్లులకు నేను చెప్పేది ఒకటే: పక్కింటివారి మాట విని ఊరుకోకుండా, ఈసారి నోటిఫికేషన్ మీరే తెరిచి చదవండి.