మరగబెడితే ఫ్లోరైడ్ పోతుందా?

నల్గొండ జిల్లాలో హైస్కూల్ పిల్లలకు ఫిజికల్ సైన్స్ చెప్తాను. భౌతిక, రసాయన మార్పుల పాఠం రోజు ఒక అమ్మాయి లేచి అడిగింది: "సార్, మా నానమ్మ బోరు నీళ్లు మరగబెట్టి తాగుతది. ఫ్లోరైడ్ పోతది కదా?"

అపోహ: మరగబెడితే ఫ్లోరైడ్ పోతుంది.

పోదు. మరిగిస్తే క్రిములు చస్తాయి, అంతవరకు మంచిదే. కానీ ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉంటుంది. లీటరుకు 2 మిల్లీగ్రాములున్న 10 లీటర్ల నీళ్లు మరిగి 8 లీటర్లయితే, లెక్క 2.5కి పెరుగుతుంది. తాగే నీళ్లలో అది 1.5 దాటకూడదు.

"మరి గిన్నె అడుగున తెల్లగా పేరుకునేది ఫ్లోరైడ్ కాదా సార్?" అంది. చాలా ఇళ్లలో ఇదే నమ్మకం. ఆ పొర ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. నీళ్లలో కరిగి ఉన్న బైకార్బొనేట్లు వేడికి విడిపోయి అలా గట్టిపడతాయి. రసాయన మార్పు జరిగిన మాట నిజమే, జరగాల్సిన దానికి మాత్రం జరగలేదు.

ఫ్లోరైడ్‌ను నీళ్లలోంచి లాగడానికి మన జిల్లా పేరుతోనే ఒక పద్ధతి ఉంది, నల్గొండ టెక్నిక్. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలుపుతారు. పటిక వల్ల అల్యూమినియం హైడ్రాక్సైడ్ తెట్టెలు తెట్టెలుగా ఏర్పడి, ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతుంది. నీళ్లు పరీక్ష చేయించాకే మోతాదు తేలుతుంది కాబట్టి ఇంట్లో అందాజగా వేయొద్దు. నానమ్మకు మిషన్ భగీరథ (ప్రభుత్వ తాగునీటి పథకం) నల్లా నీళ్లే ఇవ్వమని చెప్పాను.

అపోహ: వెనక్కి వస్తే భౌతిక మార్పు, రాకపోతే రసాయన మార్పు.

గిర్నీలో పట్టించిన జొన్నపిండి మళ్లీ గింజ కాదు. అయినా అది భౌతిక మార్పే, పిండిలో ఉన్నదీ జొన్నే. అదే పిండి రొట్టెగా పెనం మీద కాలి ఎర్రబడినప్పుడు రసాయన మార్పు.

ఇక సున్నం సంగతి. చిన్నప్పుడు పండగ ముందు మా ఇంట్లో పొడిసున్నం కుండలో వేసి నీళ్లు పోసేవాళ్లు. కింద మంట లేకుండానే కుతకుత ఉడికేది. కళ్లలో చిందితే చూపు పోతుందని అమ్మ దగ్గరికి రానిచ్చేది కాదు. సున్నపురాయిని, అంటే కాల్షియం కార్బొనేట్‌ను, బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి పొడిసున్నం మిగులుతుంది. నీళ్లు తగిలితే తడిసున్నం అవుతుంది. గోడకు వేశాక గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మళ్లీ కాల్షియం కార్బొనేట్ అవుతుంది. బయల్దేరిన చోటికే వచ్చింది, మధ్యలో జరిగినవి మూడూ రసాయన మార్పులే. పిల్లల్ని నేను అడగమనేది ఒక్కటే: కొత్త పదార్థం పుట్టిందా?

అపోహ: బుడగలొస్తే రసాయన మార్పే.

మరిగే నీళ్లలో బుడగలు నీటి ఆవిరే. కల్లు లొట్టిలో నురుగు వేరు, అక్కడ చక్కెర ఆల్కహాల్‌గా మారుతూ కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది.

మర్నాడు ఆ అమ్మాయి గిన్నె అడుగు గీకి కాగితంలో పొట్లం కట్టి తెచ్చింది. పాత సున్నం గోడ పెచ్చు ఒకటి పక్కన పెట్టి, రెండింటి మీదా నిమ్మకాయ పిండాం. రెండూ ఒకేలా చిటచిటమని పొంగాయి.