చేప పొట్టలోని పోగులు: పిల్లలకు ఉత్తరం

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

"చేపల్లో ప్లాస్టిక్ ఉంటుందట కదా తాతయ్యా, ఇక పులుసు మానేయాలా?" అని మీరు రాశారు. దీనికి అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోలేను. చేపలో ఆ ప్లాస్టిక్ ఎక్కడ ఉంటుంది, ఆ భాగాన్ని మనం తింటామా అన్నవి ముందు తెలియాలి.

అయిదు మిల్లీమీటర్ల కన్నా చిన్నవైన ప్లాస్టిక్ తునకలను మైక్రోప్లాస్టిక్ అంటారు. సంచులు, సీసాలు, నైలాన్ వలలు ఎండకు పెళుసుబారి, అలల తాకిడికి చిట్లిపోగా వచ్చినవి కొన్ని. పాలియెస్టర్ బట్టలు ఉతికినప్పుడు ఊడిపోయే సన్నని పోగులు కొన్ని. నీటిలో నానిన తునక మీద నాచు, సూక్ష్మజీవులు పేరుకుంటే దానికి మేత వాసన పడుతుంది. కాలిఫోర్నియాలో జరిగిన ఒక ప్రయోగంలో అటువంటి వాసన కలిపిన నీటిలో నెత్తళ్ల జాతి చేపల గుంపు మేత వెతుకుతున్నట్టే తిరిగిందని 2017లో ప్రకటించారు. కాబట్టి పాపం, చేపది తిండిపోతుతనమని అనుకోకండి.

అన్నిటికంటే నన్ను ఆలోచనలో పడేసినది శాస్త్రవేత్త చెల్సీ రోష్‌మన్ బృందం 2015లో ప్రచురించిన పరిశోధన. వారు జనం తినడానికి కొనుక్కునే చేపలనే తీసుకున్నారు: ఇండోనేషియాలోని మకాసర్‌లో 76, అమెరికాలోని కాలిఫోర్నియా తీరంలో 64. వాటి పొట్టను, పేగులను వేరుచేసి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేసి, మాంసమంతా కరిగిపోయాక మిగిలినదాన్ని సూక్ష్మదర్శిని కింద పరీక్షించారు. మకాసర్ చేపల్లో 21, కాలిఫోర్నియా చేపల్లో 16 మనిషి తయారుచేసిన పదార్థాన్ని మింగి ఉన్నాయి. రెండు చోట్లా ఇంచుమించు నాలుగో వంతే, కానీ పొట్టలో దొరికిన సరుకు ఒకటి కాదు. మకాసర్‌లో దొరికినవి ప్లాస్టిక్ ముక్కలు. కాలిఫోర్నియాలో ఎక్కువగా పోగులు. చెత్తను సరిగా ఎత్తని చోట చెత్తే సముద్రం పాలవుతుంది. చెత్తను పద్ధతిగా ఎత్తే చోట కూడా వాషింగ్ మెషీన్లలోంచి వచ్చిన పోగులు మురుగునీటి శుద్ధి కేంద్రాలను దాటుకుని సముద్రానికి చేరుతూ ఉండవచ్చునని పరిశోధకులు భావించారు. ఆ పోగుల్లో నూలువి కూడా ఉండి ఉండవచ్చు. ఏమైనా సూక్ష్మదర్శినికి ఆనేంత పెద్దవే లెక్కకు వచ్చాయి గనుక, మిగతా మూడు వంతుల చేపలు శుభ్రమైనవని నేను నమ్మను.

ఇప్పుడు వంటింటి సంగతి. ఈ తునకల్లో చాలా భాగం చేప జీర్ణాశయంలోనే ఉంటుంది. వంజరాన్నో చందువనో తెచ్చినప్పుడు పొలుసు గీకి, పొట్ట చీల్చి, పేగులు తీసేసి, ఉప్పు, పసుపు రాసి కడుగుతాము. దానితోపాటే అందులోని ప్లాస్టిక్‌లో ఎక్కువ భాగం పోతుంది. అతి సూక్ష్మమైన రేణువులు కండలోనూ కనిపించినట్టు కొన్ని పరిశోధనలు చెబుతున్నాయి; వాటిని కడిగి వదిలించలేము. ఎండు నెత్తళ్ల విషయం వేరు. తల తుంచితే దానివెంట పేగు కొంత ఊడివస్తుంది, మిగిలినది చేపతోపాటు మూకుడులో వేగుతుంది. ఆల్చిప్పలను పొట్టతో సహా తినేవారి సంగతీ అంతే. ఓపిక ఉంటే నెత్తళ్లను కాసేపు నానబెట్టి, తల తుంచేటప్పుడు పొట్టను కూడా గోటితో చీల్చి తీయమని మీ అమ్మకు చెప్పండి.

ఇంతకీ మనకు హాని ఎంత? ఆహారం ద్వారా, గాలి ద్వారా మన లోపలికి చేరే ప్లాస్టిక్ రేణువుల గురించి 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక నివేదిక ఇచ్చింది. హానిని తేల్చి చెప్పడానికి ఇప్పుడున్న ఆధారాలు చాలవన్నది అందులోని సారాంశం. ఆధారం చాలదంటే ప్రమాదం లేదని అర్థం కాదు. అయితే చేపలోని మాంసకృత్తులు, కొవ్వు ఆమ్లాలు, ముళ్లతో సహా నమిలే చిన్న చేపల నుంచి వచ్చే కాల్షియం వల్ల కలిగే మేలు రుజువైనది. రుజువు కాని భయం కోసం దాన్ని వదులుకోమని నేను చెప్పను.

పైగా చేప ఒక్కదాన్నే దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. స్కాట్లాండ్‌లో మస్సెల్ అనే ఆల్చిప్పలను పరీక్షించిన బృందమొకటి 2018లో ఒక పోలిక ప్రకటించింది. వాటిని తినడం వల్ల ఏడాదికి మన లోపలికి చేరే పోగులకంటే, రాత్రి భోజనం చేస్తున్నప్పుడు ఇంటి దుమ్ములోంచి కంచంలో రాలి పడేవే ఎన్నో రెట్లు ఎక్కువట. పరుపులు, సోఫాలు, తెరలు, మనం కట్టుకునే బట్టలు ఆ పోగులను రాలుస్తూనే ఉంటాయి. కాబట్టి ఆదివారం పులుసు నిశ్చింతగా తినండి. వడ్డించేదాకా గిన్నె మీద మూత మాత్రం తీయకండి.

ఇట్లు,
మీ తాతయ్య