గుద్దుకోని కారు లోపల ఎలా విరిగింది?

చిరంజీవులిద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. బాబాయి కారు గేరు బాక్సు పాడైందని, మెకానిక్ దాన్ని విప్పి చూసి “బాగా రఫ్‌గా తోలారు సార్” అన్నాడని రాశారు. దాని కింద చిన్నది వంకర టింకర అక్షరాలతో అడిగిన ప్రశ్న నాకు తెగ నచ్చింది. “కారు దేన్నీ గుద్దుకోలేదు కదా తాతయ్యా, మరి లోపల ఎలా విరిగింది?” పెద్దవాళ్లు ఈ ప్రశ్న అడగరు. బిల్లు ఎంతైంది అని అడుగుతారు.

గుద్దుకుందమ్మా. బయట కాదు, లోపల. ఒకసారి కాదు, రోజూ కొంచెం కొంచెం.

మీరు తాడాట ఆడతారుగా? ఇద్దరు చెరో కొస పట్టుకుని పొడుగు తాడు తిప్పుతుంటే మూడోవాళ్లు లోపలికి దూరి గెంతే ఆట. దూరేవాళ్లు గబుక్కున దూరరు. పక్కన నిలబడి, తాడునే చూస్తూ, ఒళ్లంతా దానితో పాటు ముందుకీ వెనక్కీ ఊపుతారు. తాడు వేగం ఒంటికి పట్టిందనుకున్నాక టక్కున లోపలికి వెళ్తారు. అప్పుడు తాడు తగలదు. ఊగకుండా దూకినవాడికి పిక్క మీద వాత తేలుతుంది. గేరు మార్చడమంటే ఇంతే. దీన్నే పట్టుకుని ఉత్తరమంతా లాగిస్తాను, విసుక్కోకండి.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే చిన్న కారు చక్రం నిమిషానికి 500 చుట్లకు కాస్త పైన తిరుగుతుంది. అదే సమయంలో ఇంజను ఏ గేరులో ఉందన్నదాన్ని బట్టి రెండువేలో, నాలుగువేలో తిరుగుతుంటుంది. వేర్వేరు వేగాలతో తిరిగే ఈ రెండింటినీ కలపడానికే మధ్యలో గేరు బాక్సు. రాడ్డు కదిపినప్పుడు పళ్లచక్రాలు ఒకదాన్ని వదిలి ఇంకోదాన్ని పట్టుకుంటాయని చాలామంది అనుకుంటారు. ఇప్పటి కార్లలో అలా కాదు. ముందుకెళ్లే గేర్ల చక్రాలన్నీ ఎప్పుడూ జతజతలుగా కలిసే తిరుగుతుంటాయి. ఒక్కో జతలో ఒక చక్రం మాత్రం ఇరుసు మీద వదులుగా ఉంటుంది. మనం రాడ్డు తోస్తే లోపల ఇరుసుతో పాటు తిరిగే స్లీవ్ అనే కడియం ఒకటి జరిగి, ఆ వదులు చక్రం పక్కనున్న చిన్నచిన్న పళ్ల మీదికి ఎక్కి, దాన్ని ఇరుసుకు కట్టేస్తుంది. అదే గేరు పడటం.

స్లీవ్ వేగం ఒకటి, చక్రం వేగం ఇంకొకటి అయితే పళ్ల మీదికి పళ్లు ఎలా ఎక్కుతాయి? ఎక్కవు. కర్రుమని కొట్టుకుంటాయి. అందుకే రెండిటి మధ్యా సింక్రోనైజర్ రింగు అని ఒకటి పెట్టారు. చాలా కార్లలో ఇత్తడిది. స్లీవ్ కదలగానే ముందు ఈ రింగు వెళ్లి చక్రం తాలూకు నున్నటి వాలుకు ఒరుసుకుంటుంది. ఆ రాపిడికి వేగాలు రెండూ సమానమవుతాయి. సమానమయ్యేదాకా స్లీవ్‌ను ముందుకు పోనివ్వకుండా తన పళ్లు అడ్డం పెట్టి మరీ ఆపుతుంది. తాడు పక్కన నిలబడి ఊగేది ఇదే. మన బదులు అది ఊగుతోంది.

నా చిన్నతనంలో లారీల గేరు బాక్సుల్లో ఈ రింగులు ఉండేవి కావు. మాకు తెలిసిన ఒక లారీ డ్రైవరు అప్పుడప్పుడూ నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవాడు. గేరు దించాలంటే ఆయన క్లచ్ (ఇంజనును గేరు బాక్సు నుంచి విడదీసేది) తొక్కి రాడ్డును ఏ గేరూ లేని న్యూట్రల్లోకి లాగేవాడు, క్లచ్ వదిలేసి యాక్సిలరేటర్ మీద చిన్న తొక్కు తొక్కేవాడు, మళ్లీ క్లచ్ తొక్కి అప్పుడు గేరు వేసేవాడు. ప్రతి గేరుకీ రెండుసార్లు క్లచ్! కాలు నొప్పి పుట్టదా అని అడిగితే, “కాలుతో కాదురా, చెవితో వెయ్యాలి” అనేవాడు. ఇంజను చప్పుడు సన్నగా పైకి లేస్తుంటే తల కొంచెం పక్కకు వంచి వినేవాడు. సరిగ్గా ఒకచోట రాడ్డు రెండు వేళ్లతో లోపలికి జారిపోయేది. చప్పుడే ఉండేది కాదు. నేను ఇంటికొచ్చి చీపురు కట్టను నేలకానించి, నోటితో ఇంజను చప్పుడు చేస్తూ అదే పని. అమ్మ వచ్చి చీపురు లాక్కునేదాకా గేర్లు మారుతూనే ఉండేవి. సరే, ఎక్కడున్నాం?

ఆ, రింగు. 1890ల తొలి కార్లలో పళ్లచక్రాలనే జరిపి ఒకదాంట్లోకి ఒకటి తోసేవారు. ఫ్రాన్సులో ఆ పద్ధతి తెచ్చిన ఎమిల్ లెవస్సోర్ “మొరటుదే, కానీ పని చేస్తుంది” అన్నాడని చెప్పుకుంటారు. 1928లో అమెరికాలో కాడిలాక్ కార్లు సింక్రోమెష్‌తో, అంటే ఇలా వేగాలు కలిపే ఏర్పాటుతో వచ్చాయి. దాన్ని కనిపెట్టినాయన ఎర్ల్ థాంప్సన్. లారీ డ్రైవరు చెవితో చేసిన పనిని ఒక రింగు చేతిలో పెట్టాడాయన.

ఇప్పుడు బాబాయి సంగతి. (ఈ ఉత్తరం ఆయనకు చూపించాలా వద్దా అన్నది మీ ఇష్టం.) తొందరలో ఉన్నవాడు రాడ్డును బలంగా గుంజుతాడు. రింగుకి కావలసింది రెప్పపాటు కాలం, అదీ ఇవ్వడు. రింగు లోపలివైపు సన్నటి గాడులుంటాయి, నూనెను పక్కకు నెట్టి చక్రాన్ని పట్టుకోవడానికి. ప్రతిసారీ మోటుగా నొక్కితే ఆ గాడులు అరిగి నున్నగా అయిపోతాయి. నున్నబడ్డ రింగు జారుతుందే కానీ పట్టుకోదు. అంటే ఊగడం రానివాడు తాడులోకి దూకినట్టే. కర్ర్! స్లీవ్ పళ్ల అంచులు, చక్రం పళ్ల అంచులు కాస్త చిట్లుతాయి. అంచులు మొద్దుబారాక గేరు వేసినా నిలవదు, దారిలో దానంతటదే ఊడి న్యూట్రల్లోకి వచ్చేస్తుంది. ముందుగా దెబ్బతినేది తరచూ రెండో గేరే. ఒకటికీ రెండుకీ మధ్య వేగాల తేడా పెద్దది, పైగా ఊళ్లో తిరిగినంతసేపూ వాడేది దాన్నే.

రాడ్డు మొరాయించిందంటే అది మొండికేయడం కాదు. రింగు “ఇంకా కలవలేదు, కాసేపాగు” అంటోంది. ఆ మాట వినకుండా తోసేవాడు మనుషుల మాట మాత్రం ఏం వింటాడు?

క్లచ్ సంగతి కూడా చెప్పాలి. చిన్నపిల్లలు దూరేటప్పుడు తాడు తిప్పేవాళ్లు చెయ్యి కాస్త వదులు చేస్తారు చూశారా, క్లచ్ అలాంటిది. ఇంజనుతో తిరిగే ఫ్లైవీల్ అనే బరువు చక్రానికీ, దాని మీదికి నొక్కే ప్రెషర్ ప్లేటుకీ మధ్య క్లచ్ ప్లేటు నొక్కుకుని ఉంటుంది. పెడల్ తొక్కితే పట్టు వదులుతుంది, మెల్లగా వదిలితే జారుతూ జారుతూ పట్టుకుంటుంది. ఇంజనును బాగా రేజ్ చేసి పెడల్ మీంచి కాలు ఒక్కసారి తీసేస్తే? ఫస్టు గేరులో ఇంజను బలం మూడున్నర రెట్లు పెరుగుతుంది అనుకోండి, దాని తర్వాత బలాన్ని రెండు చక్రాలకూ పంచే డిఫరెన్షియల్ దగ్గర ఇంకో నాలుగు రెట్లు. మొత్తం పద్నాలుగు రెట్లు. దాని మీద, గిర్రున తిరుగుతున్న బరువైన ఫ్లైవీల్ ఒక్క దెబ్బతో ఆగబోయే ఊపు. క్లచ్ ప్లేటులో చిన్న స్ప్రింగులుంటాయి, కొంత అవి మింగుతాయి. టైర్లు జారితే కొంత అక్కడ పోతుంది. టైర్లు జారకపోతే ఆ దెబ్బంతా పళ్ల మీదే. ఇసుకలో గిరగిరా తిరుగుతున్న చక్రానికి ఉన్నట్టుండి గట్టినేల దొరికినా ఇదే దెబ్బ.

అయినా పన్ను ఆ రోజే విరగదు. పన్ను మొదలు దగ్గర కంటికి కనిపించని బీట పుడుతుంది. తర్వాతి దెబ్బకు వెంట్రుకవాసి పెరుగుతుంది. ఎన్నో నెలల తర్వాత ఎవరో నెమ్మదస్తుడు పద్ధతిగా నడుపుతుండగా పుటుక్కుమంటుంది. నింద ఆయన మీద పడుతుంది. లోకంలో ఇది కార్లకే పరిమితం కాదులెండి.

అన్నిటికన్నా భయంకరమైనది తప్పు గేరు. ఐదో గేరులో ఇంజను నిమిషానికి 3,500 చుట్లతో పోతోంది. నాలుగులోకి దించబోయి, తొందరలో రాడ్డు రెండులో పడింది. ఐదో గేరు నిష్పత్తి (గేరు బాక్సు బయటికిచ్చే ఒక్క చుట్టుకు ఇంజను తిరిగే చుట్లు) 0.8, రెండోది 2 అనుకుని లెక్క కట్టండి. క్లచ్ వదలగానే చక్రాలు ఇంజనును 8,750 చుట్లు తిరగమంటాయి. అది ఆరు, ఆరున్నర వేలకు మించి తిరగలేని ఇంజను. హద్దు దాటకుండా ఆపే ఏర్పాటు కార్లో ఉంటుంది కానీ అది ఇంధనాన్నే ఆపగలదు. ఇక్కడ తిప్పుతున్నవి చక్రాలు, వాటిని ఏం చేయగలదు? వాల్వులు వెళ్లి పిస్టన్లకు తగలొచ్చు. పెద్దవాడా, చూడు, ఇంకో చిక్కు ఉంది. క్లచ్ తొక్కి పట్టుకున్నా గండం గడిచినట్టు కాదు. క్లచ్ ప్లేటు గేరు బాక్సు ఇరుసు మీద కూర్చుని ఉంటుంది, కాబట్టి ఇంజను తప్పించుకున్నా ప్లేటు మాత్రం ఆ వేగంతో తిరగాల్సిందే. అంత వేగానికి దాని పైపొర చీలికలై ఎగిరిపోవచ్చు. తాడాటలో దీనికి పోలిక వెతికాను, దొరకలేదు. ఇద్దరు బదులు పదిమంది తాడు తిప్పారనుకోండి, పోనీ.

గట్టిగా తోలడమంటే వేగంగా పోవడమే అనుకునేరు. టాప్ గేరులో సాఫీగా ఎంత దూరం పోయినా గేరు బాక్సు చిర్రుబుర్రులాడదు. నెమ్మదిగా పోతూ కూడా దాన్ని చంపొచ్చు. టాప్ గేరులో నత్తనడక నడుస్తూ యాక్సిలరేటర్ అడుగుదాకా తొక్కితే ఇంజను దడదడలాడి, ఆ దడంతా పళ్ల మీదే పడుతుంది. ఎడమ కాలు ఎప్పుడూ క్లచ్ మీదే ఆనించి ఉంచితే పెడల్ తొక్కినప్పుడు క్లచ్ పట్టును విడిపించే రిలీజ్ బేరింగు ఊరికే అరుగుతుంది, ప్లేటు కొద్దికొద్దిగా జారి మాడు వాసన వస్తుంది. దర్జాగా రాడ్డు మీద చెయ్యి వేసుకుని కూర్చుంటే ఆ బరువుకి, స్లీవ్‌ను జరిపే లోపలి ఫోర్కు తిరుగుతున్న స్లీవ్‌ను ఒరుసుకుంటూనే ఉంటుంది. కారు ఇంకా ముందుకు దొర్లుతుండగానే రివర్స్ వేస్తే చెప్పక్కర్లేదు. చాలా కార్లలో రివర్స్‌కి ఆ రింగు ఉండదు.

రేసు కార్లు మరి, అంటారేమో. వాటిలో చాలావాటికి రింగులే ఉండవు, పెద్ద పెద్ద పళ్లు దబ్బున పడిపోతాయి. అరుస్తాయి, అరుగుతాయి. వాటిని తరచూ విప్పి, అరిగినవి తీసి కొత్తవి వేస్తూనే ఉంటారు.

నాకు మాత్రం ఎప్పుడూ ఆ రింగే వింత. దాని పట్టీ బొటనవేలి వెడల్పైనా ఉండదు. ఒక కారు జీవితంలో లక్షలసార్లు గేరు మారుతుంది. ప్రతిసారీ అది చీకట్లో, నూనెలో, ఎవరూ చూడకుండా రెండు వేగాలను కలిపి పక్కకు తప్పుకుంటుంది. ఎలా కలుపుతుందో రాశాను కానీ, అన్నిసార్లు ఎలా కలపగలుగుతుందో అడిగితే నా దగ్గర నోరెళ్లబెట్టడం తప్ప ఏమీ లేదు.

గేరు బాక్సు ఇంకా బల్ల మీద విప్పి ఉందన్నారు కాబట్టి మూసేయకముందే బాబాయితో వెళ్లండి. పాత రింగునూ కొత్త రింగునూ పక్కపక్కన పెట్టమని మెకానిక్ గారిని అడిగి, లోపలివైపు గోటితో గీకి చూడండి. కొత్తదాని గాడులు గోటికి తగులుతాయి. చాలా గేరు బాక్సుల్లో అడుగున ఒక అయస్కాంతం ఉంటుంది, అది కూడా చూపించమనండి. దానికి మెత్తటి బూడిదరంగు ముద్ద అంటుకుని ఉంటే అది మామూలు అరుగుదల. వేలికి గుచ్చుకునే ముక్కలుంటే అవి పళ్లవి. చివరగా రివర్స్ గేరు చక్రాన్ని, ముందుకెళ్లే గేరు చక్రాన్ని చేతిలో పట్టుకుని పళ్లు ఎలా కోశారో చూడండి. ఒకదానివి నిటారుగా, ఇంకోదానివి ఏటవాలుగా ఉంటాయి. కారు వెనక్కి వెళ్లేటప్పుడే గుయ్యిమని ఎందుకు కూస్తుందో చాలా కార్లలో అక్కడే తెలుస్తుంది. రెండిటి బొమ్మలూ వేసి, ఏది ఏదో రాసి నాకు పంపండి. చేతులకు గేరు ఆయిల్ అంటుకుంటే గుడ్డలకు తుడవొద్దు, వాసన ఓ పట్టాన పోదు.

ఇట్లు,
మీ తాతయ్య