అరకు గింజకు మా బోరు నీళ్లు

మిర్యాలగూడ నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. "సార్, నల్లగొండలో కాఫీ గింజలు తనే వేయించి అమ్మే ఒక కుర్రాడి దగ్గర అరకు కాఫీ తాగిన. పాలు లేవు, చక్కెర లేదు. అయినా కమలాపండు తొన కొరికినట్టే ఉంది. సంబరపడి పావుకిలో కొనుక్కొచ్చి ఇంట్లో అతను చెప్పినట్టే చేసిన. తడిసిన అట్టముక్క వాసన తప్ప ఏమీ లేదు. మూడుసార్లు చేసినా అంతే. తాగిచ్చింది ఒకటి, కట్టిచ్చింది ఒకటి అనుకుంటున్న. మీరేమంటారు?"

నేనేమంటాను, నాకూ అదే అనుభవం. ఆ కుర్రాడి దుకాణం మా ఇంటికి నడిచిపోయేంత దూరం. టైర్ల షాపు వెనక చిన్న గది, అందులో గుండ్రంగా తిరిగే ఒక డ్రమ్ము, పక్కన తూకం, గోడకు ఆనించిన గోనె సంచులు. ఒకప్పుడు నా క్లాసులో చివరి బెంచీలో కూర్చున్నవాడే. మాట వాడిది, గింజ అరకుది. నేను చాయ్ మనిషిని కాబట్టి మొదట్లో నవ్వాను. ఇన్ని రకాల కాఫీలేంటి, కాఫీ కాఫీయే కదా అన్నాను. "సార్, మీరు మార్కెట్లో మామిడిపండు అని అడుగుతరా, కొల్లాపూర్ మామిడి అని అడుగుతరా?" అన్నాడు. సింగిల్ ఆరిజిన్ అంటే ఇంతే. పదిచోట్ల గింజలు కలిపేయకుండా ఒకే కొండ, ఒకే తోట గింజను విడిగా వేయించి దాని ఊరి పేరుతో అమ్మడం. అరబికా, రోబస్టా అనే రెండు కాఫీ జాతుల తేడాలు, బాబా బుదాన్ మన దేశానికి కాఫీ గింజలు తెచ్చిన కథ మీరు చాలాచోట్ల చదివే ఉంటారు, వాటిని వదిలేస్తున్నాను.

ఆ రోజు మూడు కప్పులు పెట్టాడు. అరకు అరబికా, చిక్కమగళూరు అరబికా, వయనాడ్ రోబస్టా. మూడింటికీ 2019లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. వయనాడ్ కప్పు గట్టిగా, వేయించిన పల్లీలా ఉంది. చిక్కమగళూరుది బెల్లం పాకంలా నోట్లో నిలిచింది. అరకు మాత్రం పుల్లగా, తేలిగ్గా, చివర్న తీపిగా ఉంది. కాఫీ పుల్లగా ఉంటే చెడిపోయిందనుకునే వయసు నాది. మరో రెండు గుక్కలయ్యాక అది నిమ్మజాతి పండు పులుపు అని ఒప్పుకోక తప్పలేదు. జుర్రుకుంటూ తాగమన్నాడు. అది అమర్యాద కాదు, ఆవిరిని గొంతు వెనక నుంచి ముక్కులోకి పంపే ఉపాయం. ముక్కు మూసుకుని తాగితే మూడు కప్పులకూ తేడా సగానికి పైగా పోయింది. పోనిది ఆ పులుపు ఒక్కటే.

అదే పొడి, అదే పేపర్ ఫిల్టర్, అదే తూకం. ఇంటికొచ్చి మా బోరు నీళ్లు కాచి పోస్తే ఆ పులుపు మాయం. వయనాడ్ కప్పు మాత్రం దాదాపు అలాగే ఉంది. మోసమైతే అన్నిట్లోనూ చేయాలి కదా, అరకు గింజకే ఎందుకు? అనుమానం గింజ మీద నుంచి నీళ్ల మీదకు మళ్లింది అక్కడే.

పాత కాలేజీ ల్యాబులో అడిగి ఒక బ్యూరెట్ (ఆమ్లాన్ని చుక్కచుక్కగా కొలిచి వదిలే గాజు గొట్టం) తెచ్చుకున్నాను. వంద మిల్లీలీటర్ల బోరు నీళ్లు, రంగు మారి లెక్క చెప్పే మిథైల్ ఆరెంజ్ రెండు చుక్కలు, పైనుంచి 0.02 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లం. ఈ లెక్కలో ఒక్కో మిల్లీలీటరు ఆమ్లం ఖర్చయితే నీటి క్షారత, అంటే ఆమ్లాన్ని మింగే గుణం, లీటరుకు 10 మిల్లీగ్రాములన్నమాట (కాల్షియం కార్బొనేట్ కొలతలో). పసుపు రంగు ఎంతకీ మారదు. 31 మిల్లీలీటర్ల దగ్గర నారింజ రంగు తిరిగింది. అంటే 310. తాగడానికి ఇది నేరం కాదు. మన దేశ ప్రమాణాల్లో 200 దాకా మంచిది, వేరే దారి లేకపోతే 600 దాకా సరే. కానీ స్పెషాల్టీ కాఫీ అసోసియేషన్ కాఫీ నీళ్లకు పెట్టుకున్న గుర్తు 40 దగ్గర ఉంది. మా బోరు దానికి దాదాపు ఎనిమిది రెట్లు.

ఈ క్షారత ఎక్కడిది? వాన చినుకు మట్టిలోకి దిగేటప్పుడు వేర్లు, సూక్ష్మజీవులు వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని పలచటి కార్బోనిక్ ఆమ్లం అవుతుంది. మన కింద ఉన్నది గ్రానైటు. ఆ ఆమ్లం గ్రానైటులోని ఫెల్డ్‌స్పార్‌ను ఏళ్ల తరబడి కొరుకుతుంది. రాయి నుంచి సోడియం, కాల్షియం బయటికొస్తాయి, కార్బోనిక్ ఆమ్లం తన హైడ్రోజన్‌ను రాయికిచ్చి బైకార్బొనేట్‌గా మిగులుతుంది. మన క్షారత ఈ బైకార్బొనేటే. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ ఉన్న నేల కావడంతో ఆ నీళ్లు ఇంకా చిక్కబడతాయి. మన జిల్లా శాపమైన ఫ్లోరైడ్ కూడా ఈ దారిలోనే వచ్చింది. బైకార్బొనేట్ పెరిగినకొద్దీ కాల్షియం సున్నపురాయిగా పేరుకుని నీటిలోంచి తప్పుకుంటుంది. కాల్షియం ఉంటే ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచేది, అది తగ్గేసరికి రాళ్లలోని ఫ్లోరైడ్ యథేచ్ఛగా కరుగుతుంది. మర్రిగూడ, చండూరు వైపు వంగిన ఎముకలకు, మా కప్పులో చప్పబడ్డ కాఫీకి భూమిలో కారణం ఒకటే అని తెలిసినప్పుడు కాసేపు కప్పు పక్కన పెట్టేశాను.

ఇక అసలు సంగతి. నాలుకకు పులుపు తెలిసేది హైడ్రోజన్ అయాన్ వల్ల, అంటే ప్రోటాన్ వల్ల. రుచి కణాల మీద ఉండే ఓటాప్-1 అనే ప్రోటీన్ ద్వారం నుంచి ప్రోటాన్ లోపలికి దూరితే పులుపు అని కబురు వెళ్తుంది. అరకు గింజలోని సిట్రిక్, మాలిక్ ఆమ్లాలు కప్పులో ప్రోటాన్లను వదలడానికి సిద్ధంగా ఉంటాయి. ఎదురుగా బైకార్బొనేట్. అది ఒక ప్రోటాన్‌ను పట్టుకుని కార్బోనిక్ ఆమ్లమై, వెంటనే నీరుగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోయి గాల్లోకి పోతుంది. కాఫీ పీహెచ్ అయిదు దగ్గర ఉంటుంది. కార్బోనిక్ ఆమ్లపు పీకేఏ, అంటే బైకార్బొనేట్‌లో సగం ప్రోటాన్ పట్టుకుని ఉండే పీహెచ్, 6.35. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెడితే బైకార్బొనేట్‌లో నూటికి 95కు పైగా ప్రోటాన్ పట్టుకునే తీరుతుందని తేలుతుంది. సిట్రిక్ ఆమ్లం ఎక్కడికీ పోలేదు, సిట్రేట్‌గా కప్పులోనే ఉంది. ప్రోటాన్ పోయింది కాబట్టి నాలుకకు దాని జాడ లేదు. నిమ్మ పులుపు బత్తాయి పులుపుగా దిగి, అక్కడి నుంచి చప్పటి నీళ్లయింది.

దీన్ని మన ఇళ్లలో పచ్చిపులుసు ఎప్పుడో చెప్పింది, మనమే వినలేదు. ఇంటికి నల్లా వచ్చి కృష్ణా నీళ్లు మొదలైన కొత్తలో మా అమ్మ పచ్చిపులుసు వరసగా వారం రోజులు చెడింది. అదే గిన్నె, అదే నిమ్మకాయంత చింతపండు, పళ్లు జివ్వుమనే పులుపు. "ఈ చింతపండు వేరే" అని కిరాణా కొట్టువాణ్ణి తిట్టింది. చింతపండు మారలేదు, అన్నేళ్లూ అందులో కొంత పులుపును బోరు నీళ్లే తాగేస్తూ వచ్చాయి. ఆమె చెయ్యి ఆ లెక్కకు అలవాటుపడి చింతపండు ఎక్కువ వేస్తోంది. లెక్క వేసి చూడండి. క్షారత 310 అంటే లీటరు నీళ్లు సుమారు 6 మిల్లీమోల్‌ల ప్రోటాన్లను మింగగలవు. చింతపండు రసంలో టార్టారిక్ ఆమ్లం ఎంత దండిగా ఉంటుందంటే, ఆరు పోయినా దండు నిలబడుతుంది, కాస్త నీరసిస్తుంది అంతే. లేత రంగులో వేయించిన అరకు కాఫీలో ఆమ్లం అంత ఉండదు. చిన్న దండుకు ఆ దెబ్బ చాలు. వయనాడ్ కప్పు మారకపోవడానికి కారణమూ ఇదే, దాని రుచి పులుపు మీద ఆధారపడలేదు, పోగొట్టుకోవడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు. అనుమానముంటే పచ్చిపులుసు గ్లాసులో చిటికెడు వంట సోడా వేయండి. బుస్సుమని పొంగుతుంది, పులుపు పడిపోతుంది. ఆ పొంగులో పోయేదే పైన చెప్పిన కార్బన్ డయాక్సైడ్.

ఇక్కడ మా మాస్టార్ల తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కాఠిన్యత, క్షారత రెండూ ఒకటే అన్నట్టు రెండు మార్కుల ప్రశ్నగా చెప్పేసి వదిలేశాం. కాఠిన్యత కాల్షియం, మెగ్నీషియంల లెక్క, క్షారత బైకార్బొనేట్ లెక్క. బోరు నీళ్లకు పప్పు ఉడకదంటే అది కాల్షియం పని, గింజలోని పెక్టిన్‌ను బిగించేస్తుంది. అందుకే పప్పులో సోడా వేస్తారు. ఫ్లోరైడ్ నీళ్లు ఉప్పగా ఉంటాయని మరో నమ్మకం. మన బోర్లలో ఉండే మోతాదులో ఫ్లోరైడ్‌కు రుచే లేదు, తియ్యటి నీళ్లలోనూ ఉండొచ్చు. కాచి తాగితే పోతుందనే మాట అంతకంటే ప్రమాదం. ఆవిరయ్యేది నీరు, మిగిలేది ఇంకాస్త చిక్కటి ఫ్లోరైడ్.

కాఫీ లోకం ఈ మధ్య పట్టించుకుంటున్న ఈ క్షారత అంకె మన ఊరి పేరుతో చాలా ముందే పుస్తకాలకెక్కింది. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించిన ఫ్లోరైడ్ తొలగింపు పద్ధతి పేరు నల్లగొండ టెక్నిక్. నీటిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి కలిపి తేర్చడమే. పటికలోని అల్యూమినియం నీటిలోని బైకార్బొనేట్‌తో కలిసి జిగురు జిగురుగా అల్యూమినియం హైడ్రాక్సైడ్ తెట్టు కడుతుంది, ఫ్లోరైడ్ దానికి అంటుకుని అడుక్కు దిగుతుంది. ఎంత పటిక వేయాలో చెప్పే పట్టికలో ఒకవైపు ఫ్లోరైడ్ ఉంటే మరోవైపు ఉండేది క్షారతే. కాఫీలో ఆమ్లాన్ని మింగే గుణమే అక్కడ పటికతో కలిసి తెట్టు కట్టింది. అయితే కాఫీ కోసం ఇంట్లో నీళ్లల్లో పటిక తిప్పకండి, మోతాదు తప్పితే అల్యూమినియం మిగులుతుంది.

మరి మన హోటళ్ల ఫిల్టర్ కాఫీ బోరు నీళ్లతోనూ ఎలా బాగుంది? డ్రమ్ములో గింజ దాదాపు 200 డిగ్రీల దగ్గర జొన్న పేలాల్లా చిటపటమంటుంది. లోపలి ఆవిరి గోడలు పగలగొట్టే చప్పుడది. మా కుర్రాడు ఆ చప్పుడు కాగానే దించేస్తాడు. హోటల్ పొడికి గింజను నల్లబడేదాకా వేయిస్తారు, పండు ఆమ్లాలు చాలావరకు కాలిపోతాయి. ఆపైన చికోరీ, పాలు, చక్కెర. నీళ్లకు చంపడానికి పులుపు మిగలదు. ఇది తక్కువ కాఫీ అని నేననను. గట్టి నీళ్ల ఊళ్లో గట్టి రోస్టు తెలివైన పనే.

ఇంతా చదివి ఆర్వో క్యాన్ నీళ్లే అమృతమని పరుగెత్తకండి. నేనూ పరుగెత్తాను. ఈసారి పులుపు ముల్లులా గుచ్చింది, వెనక తీపి లేదు. అడ్డుకునే బైకార్బొనేట్ మరీ తగ్గితే ఇంతే. నీటిలోని మెగ్నీషియం, కాల్షియం గింజలోని రుచి పదార్థాలను పట్టి లాగుతాయని 2014లో క్రిస్టఫర్ హెండన్ బృందం కంప్యూటర్ లెక్కలతో చూపింది. ఆర్వో వాటినీ తీసేస్తుంది. కాఫీ పిచ్చివాళ్లు కొందరు అందుకే మెగ్నీషియం సల్ఫేట్ కలుపుకుంటారు. అవును, పత్తి ఆకు ఎర్రబడితే మనవాళ్లు పిచికారీ చేసేదే. దయచేసి ఎరువుల షాపు ప్యాకెట్‌ను వంటింట్లోకి తేకండి.

మిర్యాలగూడ మిత్రునికి నా జవాబు: గింజ మంచిదే. అంగట్లో ఆ కుర్రాడు ఏ నీళ్లు వాడుతున్నాడో నేను అడిగాను. ఆర్వో నీళ్లలో కాసిని ఖనిజాలు తిరిగి కలిపే డబ్బా బిగించుకున్నాడు, చెప్పాలని తోచలేదట. మీరు డబ్బా కొననక్కరలేదు. లీటరు క్యాన్ నీళ్లలో సరిగ్గా ఒక గ్రాము వంట సోడా కరిగించి సీసాలో పెట్టుకోండి. దగ్గు మందు మూతతో అందులోంచి 67 మిల్లీలీటర్లు, అంటే 10 చొప్పున ఆరుసార్లు, ఏడోసారి కాస్త తగ్గించి తీసుకుని, క్యాన్ నీళ్లతో లీటరు చేయండి. దాంతో క్షారత 40 దగ్గరకొస్తుంది. మీ క్యాన్ నీళ్లలో ముందే కొంత ఉంటే ఒక మూత తగ్గించండి. ఆరు గ్లాసుల క్యాన్ నీళ్లకు ఒక గ్లాసు బోరు నీళ్లు కలిపినా ఇంచుమించు ఇదే అంకె వస్తుంది. కానీ ఫ్లోరైడ్ పరీక్ష చేయించని బోరు నీళ్లు తాగమని మన జిల్లాలో నేను చెప్పలేను.

నిన్న ఈ నీళ్లతో చేసిన అరకు కాఫీ మా అమ్మకు ఇచ్చాను. ఒక గుక్క తాగి, "చింతపండు ఎందుకు వేసినవురా?" అంది.