బడిలో చెప్పని పాఠం: పేద దేశాల్లో లైంగిక విద్య నేపథ్యం

1982 ప్రాంతంలో ఉగాండాలో, విక్టోరియా సరస్సు ఒడ్డున ఉన్న కసెన్సెరో అనే జాలరి పల్లెలో మనుషులు చిక్కి శల్యమై చనిపోతుంటే, ఆ జబ్బేమిటో తెలియని జనం దాన్ని 'స్లిమ్' అని పిలిచారు. అది ఎయిడ్స్ అని తేలింది. 1986లో అధికారానికి వచ్చిన అధ్యక్షుడు ముసెవెని దాని గురించి బహిరంగ సభల్లోనే మాట్లాడారు. కట్టుకొయ్య దాటి మేతకు పోని పశువులా సొంత జీవిత భాగస్వామికే కట్టుబడి ఉండాలని చెప్పే 'జీరో గ్రేజింగ్' అన్న మాట పశువులు మేపుకునే జనానికి వెంటనే అర్థమైంది. 1990ల మొదట్లో పెద్దల్లో 15 శాతం దాకా ఉన్న హెచ్‌ఐవీ 2001 నాటికి 5 శాతానికి దిగింది. ఆ తగ్గుదలలో చనిపోయినవారి లెక్క కూడా ఉందన్నది మరువరాదు.

పెద్దలతో ఇంత సూటిగా నడిచిన మాట పిల్లల దగ్గరికి వచ్చేసరికి తడబడింది. కౌమార వయసువారికి సమాచారం, సేవలు అందాలని 1994లో కైరోలో 179 దేశాల సమావేశం తీర్మానించినా, చాలాచోట్ల పాఠం 'పెళ్లిదాకా ఆగండి' అన్న మాట దాటలేదు. 2003లో అమెరికా ఎయిడ్స్‌పై పోరుకు అయిదేళ్లకు 1,500 కోట్ల డాలర్లు ప్రకటిస్తూ, నివారణ నిధుల్లో మూడో వంతును ఆ బోధనకే కేటాయించాలని చట్టంలో రాసుకుంది. డబ్బు ఇచ్చినవారి నమ్మకం అలా పేద దేశాల తరగతి గదిలోకి వచ్చింది. ఆ నిబంధనను 2008లో తొలగించారు.

ఈలోగా పశ్చిమ కెన్యాలో ఆర్థికవేత్త పాస్కలిన్ ద్యుపా జరిపిన ప్రయోగం అసలు లోపాన్ని బయటపెట్టింది. నిగ్రహం ఒక్కటే నేర్పే అధికారిక పాఠాల్లో టీచర్లకు శిక్షణ ఇచ్చిన చోట బాలికల గర్భధారణలు తగ్గలేదు. 71 బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు నలభై నిమిషాలు మాత్రమే కేటాయించి, ఒక చిన్న వీడియో చూపి, దగ్గరి నగరమైన కిసుములో ఏ వయసు స్త్రీపురుషుల్లో హెచ్‌ఐవీ ఎంత శాతం ఉందో నల్లబల్ల మీద రాసి చూపారు. కానుకలతో దగ్గరయ్యే పెద్ద వయసు మగవాళ్లలోనే వ్యాధి ఎక్కువని ఆ అమ్మాయిలకు తెలిసింది. ఏడాదిలో గర్భధారణలు 28 శాతం తగ్గాయి. ఆ అంకెలను అంతవరకు వారికి చెప్పకపోవడం, నా దృష్టిలో, పెద్దలు చేసిన అన్యాయమే.

చెబితే పిల్లలు చెడిపోతారన్న భయానికి ఆధారం లేదని 2009లో యునెస్కో మార్గదర్శకాలు వివరించాయి. 2018లో వాటిని సవరించారు. తూర్పు, దక్షిణ ఆఫ్రికా దేశాల మంత్రులు 2013లో కేప్‌టౌన్‌లో ఇదే బాట పడతామని మాట ఇచ్చారు.

బడికే రాని పిల్లలకు మాత్రం ఈ పాఠం అందదు. అలాంటివారిని ఎలా చేరవచ్చో ఒక టీకా కార్యక్రమం చూపింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాను 2011లో రువాండా బడుల ద్వారానే ఆరో తరగతి బాలికలకు ఇచ్చి, 90 శాతానికి పైగా అందించగలిగింది. ఆ రోజు బడిలో లేని అమ్మాయిలను ఊళ్లలోని ఆరోగ్య కార్యకర్తలు వెతికి పట్టుకుని మరీ టీకా వేయించారు.