టెస్టర్‌కు దొరకని తప్పు

దేవరకొండ

ల్యాబ్ పిల్లలకు,

కొత్త నెట్ కేబుల్ గుంజినం, కేబుల్ టెస్టర్ల ఎనిమిది లైట్లూ వరుసగ వెలిగినయి, అయినా నెట్ ఆగి ఆగి వస్తుందని రాసిన్రు. నాకైతే మీ ప్లగ్గుల రంగుల వరుస మీదనే అనుమానం.

ఆ కేబుల్ల ఎనిమిది తీగలు, నాలుగు జంటలు. ఒక్కో జంటను పగ్గం లెక్క పేనుతరు. ఎందుకంటే, జంటల ఒక తీగ మీద సిగ్నల్ పోతుంటే రెండో దాని మీద అదే సిగ్నల్ తలకిందులుగ పోతది. అవతలి కంప్యూటర్ రెండింటి తేడానే చూస్తది. పక్కన బోరు మోటరు స్టార్టర్ నొక్కితే పుట్టే గోల పేనిన రెండు తీగల మీద దాదాపు సమానంగ పడతది, తేడా తీస్తే పోతది. ఈ ఉపాయానికి గ్రాహం బెల్ 1881లనే పేటెంట్ తీసుకున్నడు, అదీ టెలిఫోన్ తీగల కోసం.

ఇగ మీ ప్లగ్గు. క్లిప్పు కిందికి, కేబుల్ మీ దిక్కు పెట్టి ఎడమ నుంచి ఒకటి, రెండు అని లెక్కపెట్టి చూడుండ్రి: వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, బ్లూ, వైట్ బ్లూ, గ్రీన్, వైట్ బ్రౌన్, బ్రౌన్. గ్రీన్ జంట 3, 6 నంబర్ల మీద ఉండాలె, నడుమ బ్లూ జంట. చూడ చక్కగ ఉంటదని గ్రీన్ పక్కన గ్రీన్, బ్లూ పక్కన బ్లూ పెడితే, 3, 6 నంబర్ల సిగ్నల్ రెండు వేరే జంటల తీగల మీద నడుస్తది. పేనిన ఫాయిదా గోవిందా! రెండు చివర్లా అదే తప్పు చేసిన్రు కాబట్టి టెస్టర్‌కు అంతా సరిగ్గనే కనపడ్డది. అది తీగ తెగిందా, ఈ చివరి నంబరు ఆ చివర అదే నంబరుకు కలిసిందా అన్నదే చూస్తది, ఏ తీగ దేనికి జోడో దానికెట్ల తెలుస్తది?

కొత్త ప్లగ్గు కొట్టేటప్పుడు జంటల మెలికలు 13 మిల్లీమీటర్లకు మించి విప్పకుండ్రి. పైతొడుగు ప్లగ్గు లోపలికి పోవాలె, లేకుంటే నాలుగుసార్లు గుంజితే తీగలు ఊడొస్తయి. కరెంటు తీగకు కేబుల్‌ను ఆనించి కట్టకుండ్రి. దాటక తప్పకపోతే అడ్డంగ దాటియ్యుండ్రి. నెట్ స్విచ్ (కేబుళ్లన్నీ కలిపే డబ్బా) నుంచి కంప్యూటర్ దాకా మొత్తం 100 మీటర్లు దాటొద్దు.

అయినంక రౌటర్‌కు పింగ్ (జవాబు వస్తదా అని కంప్యూటర్ పంపే చిన్న సందేశం) పెట్టి, అటు మోటరు ఆన్ చేయుండ్రి. వంద పింగుల్ల ఒక్కదానికి జవాబు రాకున్నా నాకు రాయుండ్రి. పాత ప్లగ్గు మళ్ల పనికిరాదు, కోసి పారేయుండ్రి.

మీ తాత